శాలిబండలో పెళ్లి

మా ఇంట్లో ముత్తాత పేరు తద్దినాల నాడు మాత్రమే వినపడేది. నాన్న జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని తండ్రి, తాత, ముత్తాత అంటూ మూడు తరాల పేర్లు చెప్పేవారు. మధ్యలో వచ్చే పేరు నా ముత్తాతది. ఆ పైన నాలుగో తరం పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అడిగే మంత్రమూ లేదు.

భోజనాలయ్యాక వక్క నములుతూ నాన్న ప్రతిసారీ ఒకటే కథ చెప్పేవారు. "మా తాతకి రైల్వేలో ఉద్యోగం. పెళ్లి ఆడపిల్ల ఇంట్లో జరగడం లోకాచారం. నాకదేం కుదరదు, నా ఊళ్లోనే జరగాలన్నాడు. బెజవాడ నుంచి ఆడపెళ్లివారందర్నీ పాసుల మీద రైలెక్కించి పట్నం రప్పించుకున్నాడు. మొనగాడంటే మా తాతే!" మేం పిల్లలం నోరు తెరుచుకుని వినేవాళ్లం. గోడకి ఆనుకుని కూర్చున్న తాతమ్మ అప్పుడప్పుడూ మధ్యలో అందుకునేది. "నన్ను చార్మినార్ చూపిస్తామని తీసుకొచ్చారు." అందరూ పెద్దగా నవ్వేవాళ్లు. ఆవిడ నవ్వేది కాదు, అలా అని బాధగా కూడా ఉండేది కాదు. జరిగింది చెప్పి ఊరుకునేది. నేను ఇంటర్లో ఉండగా పోయింది.

నల్లకుంటలో మా మేనత్త వాళ్ల పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చినప్పుడు అటక మీద నుంచి ఒక రేకు ట్రంకుపెట్టె దిగింది. మూత మీద తెల్లరంగుతో ఎన్.జి.ఎస్.ఆర్. అని రాసి ఉంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్నమాట. "ఏమే, నీకు ఇలాంటివంటే పిచ్చి కదా, తీస్కపో. లేకుంటే పాతపేపర్లవాడికి వేసేస్త" అంది అత్త. లోపల ఒక శుభలేఖ, ఎర్రగుడ్డ అట్ట వేసిన నిలువాటి లెక్కల పుస్తకం, ముత్తాత ఉద్యోగం కాగితాల కట్ట, ఉర్దూలో రాసిన ఒక స్టాంపు కాగితం, పసుపుగుడ్డలో చుట్టిన తాతమ్మ జాతకం ఉన్నాయి. మిగతావన్నీ కరెంటు బిల్లులూ మందుల చీటీలూ.

ముందు శుభలేఖ పట్టుకున్నాను. నాలుగు మూలలా పసుపు మరకలు ఇంకా ఉన్నాయి. అసలు కావలసిన చోటే పురుగు కొట్టేసింది. "శ్రీ ప్రమోదూత నామ సంవత్సర వైశాఖ" దాకా ఉంది, తర్వాత వేలు పట్టేంత చిల్లు. తిథి లేదు, వారం లేదు, ఇంగ్లీషు తేదీ ఎటూ వేయలేదు. సంవత్సరం పేరు ఉంటే చాలనుకునే రోజులవి. ప్రమోదూత అరవయ్యేళ్లకోసారి వస్తుంది కాబట్టి 1870, 1930, 1990లలో ఏదో ఒకటి కావాలి. 1990లో మేమంతా ఉన్నాం. 1870 నాటికి రైలే రాలేదు. కాబట్టి 1930.

లేఖ పంపింది తాతమ్మ తండ్రి. పేరు కింద తన ఉద్యోగం కూడా వేయించుకున్నాడు, తాలూకా కచేరీలో గుమాస్తా. అచ్చయింది బెజవాడలో. పెళ్లి చోటు మాత్రం "హైద్రాబాదు దక్కను, శాలిబండ". ఇక్కడిదాకా నాన్న కథ నిజమే.

లెక్కల పుస్తకం దగ్గరికొచ్చేసరికి తెలుగు అంకెలు అడ్డం పడ్డాయి. ౩ ఏదో ౭ ఏదో తెలియక పంచాంగం పక్కన పెట్టుకుని చదివాను. మొదటి పేజీ మీద తీర్ నెల, 1339 ఫసలీ అని ఉంది. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలన్నీ ఫసలీలోనే. ఏడాది అక్టోబరు మొదట్లో అజూర్ నెలతో మొదలయ్యేది. పాత పహాణీలతో, అంటే భూమి రికార్డులతో, కుస్తీ పట్టే వాళ్లందరికీ తెలిసిన చిట్కా ఏమిటంటే, ఫసలీ సంవత్సరానికి 590 కలపాలి, జనవరి నుంచి 591. అలా 1339 తీర్ అంటే 1930 మే. వైశాఖంతో సరిపోయింది.

పుస్తకంలో సగం చదివింపులు, సగం ఖర్చులు. నాకు ఈ పుస్తకం మీద ఉన్న ప్రేమ ఇంకే కాగితం మీదా లేదు. చదివింపులకి రెండు వరసలు గీశారు. ఒకదాని పైన "హాలీ" అనీ, రెండో దాని పైన "కల్దారు" అనీ. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దారు అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయి. 100 కల్దార్లకి 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ అని సర్కారు మారకం. మగపెళ్లివారి చుట్టాలంతా హాలీ వరసలో ఉన్నారు, బెజవాడ వాళ్లంతా కల్దారు వరసలో. ఒక రూపాయి, అర్ధరూపాయి, పావలా, ఒక కంచు చెంబు, ఒక ఇత్తడి బిందె. ఒకాయన పేరు ఎదురుగా రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన పావలా ఉంది. ఇచ్చాడా లేదా అని అక్కడ ఏదో చిన్న గొడవే జరిగి ఉంటుంది. నూటపదహార్లు చదివించే ఆచారం ఈ మారకం లెక్కలోంచే పుట్టిందని వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతుంటుంది. మా పుస్తకంలో వెతికితే నూటపదహారు ఒక్కటీ లేదు. పదహారు రూపాయలిచ్చిన మహానుభావుడు ఒక్కడున్నాడు, ఆయన పేరు కింద రెండు గీతలు గీశారు.

ఖర్చుల వైపు తిప్పితే కల్దారు వరసలో మొదటి పద్దు "రైలు ఛార్జీలు". ఆడపెళ్లివారు పాసుల మీద రాలేదు, టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు. ఆ డబ్బు ఇచ్చింది కూడా పిల్ల తండ్రే. దాని కిందే "కరోడ్‌గిరీ రూ. 4-6-0" అని ఉంది. అది నిజాం సరిహద్దు దాటేటప్పుడు సామాన్ల మీద కట్టే సుంకం. వెండి సామానూ కొత్త బట్టలూ చూసి వసూలు చేసి ఉంటారు. ఆడపిల్ల పెళ్లికి వెళుతూ మధిర దగ్గరో మరెక్కడో పెట్టెలు విప్పి చూపించుకోవడం ఎంత చిరాకో ఊహించుకోండి. ఇది నాన్నకి ఫోన్‌లో చెబితే, "నువ్వు సరిగ్గా చదవలేదేమో" అన్నారు.

ఉర్దూ కాగితం చదివించుకోవడానికి ఛత్తాబజార్ వెళ్లాను. పెళ్లికార్డుల అచ్చు దుకాణాలకి పేరుపడ్డ వీధి అది. కంప్యూటర్లు రాకముందు అక్కడ కాతిబ్‌లు కలంతో ఉర్దూ రాసేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దాయన ఇంకా ఒక దుకాణంలో కూర్చుంటారని తెలిసినవాళ్లు చెప్పారు. కళ్లజోడు పైకి నెట్టి, కాగితాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పట్టుకున్నారాయన. "షికస్తా హై బేటీ" అన్నారు. కచేరీల్లో గబగబా రాసే గొలుసుకట్టు రాత అది. ఈ తరం ఉర్దూ చదివినవాళ్లకి కూడా కొరుకుడు పడదట. చాయ్ వచ్చింది, తాగాం, ఆయన వేలు పెట్టి ఒక్కో మాటా విడదీసుకుంటూ పోయారు. కిరాయానామా. శాలిబండలో ఒక ఇల్లు, రెండు దాలాన్లు, ఒక బావి, ఒక నెలకి, ఇరవై రూపాయల సిక్కా ఉస్మానియా, అంటే హాలీ. తీసుకున్నది ముత్తాత. "సిర్ఫ్ ఏక్ మహీనా? షాదీ కే లియే లియే హోంగే" అని ఆయనే తేల్చేశారు. డబ్బులు తీసుకోలేదు. పెళ్లికార్డులు కొట్టించాల్సి వస్తే తన దగ్గరికే రమ్మన్నారు.

ఇక్కడే నాకు చిక్కుముడి పడింది. ఉద్యోగం కాగితాల్లో ముత్తాత చిరునామా "రెసిడెన్సీ బజారు" అని ఉంది, అంటే ఇప్పటి సుల్తాన్‌బజార్. సొంతిల్లు కాకపోయినా నాలుగు గదుల వాటా అని నాన్నకి గుర్తు. చుట్టూ తెలుగు కుటుంబాలు, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఆ పేటలోనే. అక్కడ తెలిసినవాళ్ల వాకిళ్లు ఇన్ని ఉండగా, మూసీ దాటి, చార్మినార్ దాటి, శాలిబండలో ముక్కూమొహం తెలియని ఇంటికి ఇరవై రూపాయలు పోసింది ఎందుకు? పెళ్లి "నా ఊళ్లో" జరగాలని పట్టుబట్టినవాడు సొంత వీధిలో చేసుకోవాలి కదా.

జవాబు పాత పేపర్లలో దొరికింది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసి పెట్టారు కాబట్టి ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. 1930 ఏప్రిల్, మే నెలల పేపర్ల నిండా ఉప్పు సత్యాగ్రహమే. గాంధీని మే 5న అరెస్టు చేశారు, అంటే మా ఇంట్లో పెళ్లి పనులు నడుస్తున్న రోజుల్లోనే. అవన్నీ తిప్పుకుంటూ వెనక్కి పోతే శారదా చట్టం గొడవ తగిలింది. హర్‌విలాస్ శార్దా తెచ్చిన బాల్యవివాహ నిరోధక చట్టం. 1929లో పాసై, 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలి. చిన్నపిల్లకి పెళ్లి చేసిన తండ్రికి నెల రోజుల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇరవయ్యొకటి దాటిన పెళ్లికొడుక్కీ అదే శిక్ష. చట్టం రాకముందే ముడి వేసేద్దామని దేశమంతా హడావుడి పెళ్లిళ్లు జరిగాయి. వచ్చాక గోదావరి జిల్లాల వాళ్లు యానాం దారి పట్టారు. అది ఫ్రెంచి వాళ్లది కాబట్టి చట్టం వర్తించదు. ఆ పెళ్లిళ్ల జోరుకి యానానికి కల్యాణపురం అని పేరొచ్చింది. నిజాం రాజ్యంలో కూడా ఆ చట్టం లేదు. బెజవాడ వాళ్లకి నిజాం హద్దే దగ్గర.

మరి రెసిడెన్సీ బజారు? అది హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నా నిజాంది కాదు. ఒకప్పటి కోఠి విమెన్స్ కాలేజీ, ఇప్పటి మహిళా యూనివర్సిటీ భవనంలో ఇంగ్లీషు రెసిడెంటు, అంటే నిజాం దగ్గర ఇంగ్లీషు ప్రభుత్వ ప్రతినిధి, ఉండేవాడు. చుట్టుపక్కల బజార్లలో వాళ్ల పోలీసు, వాళ్ల కోర్టు. 1933లో కానీ ఆ బజార్లు నిజాంకి తిరిగి రాలేదు. తాలూకా కచేరీలో ఇంగ్లీషువాడి జీతం తినే మనిషి, చట్టం తప్పించుకోవడానికి ఇంత దూరం వచ్చి, మళ్లీ ఇంగ్లీషు హద్దులోనే పందిరి వేస్తాడా? అందుకని పిల్లని మూసీ దాటించారు. నన్నడిగితే పట్నంలో పెళ్లి మొనగాడి పట్టుదల కానే కాదు, ఇద్దరు ఉద్యోగస్థుల భయం.

పసుపుగుడ్డ విప్పాల్సిన అవసరం అప్పుడొచ్చింది. జాతకంలో తాతమ్మ పుట్టుక "సిద్ధార్థి నామ సంవత్సర కార్తీక మాసం". సిద్ధార్థి అంటే 1919. కార్తీకం అంటే ఆ ఏడాది చివర. 1930 మే నాటికి ఆవిడకి పదిన్నరేళ్లు. మా ఇంట్లో ఎప్పుడూ "పదిహేనో ఏట పెళ్లయింది" అనే చెప్పుకున్నారు. చార్మినార్ చూపిస్తామంటే రైలెక్కే వయసు పదిహేను కాదని ఎవరికైనా తట్టాలి. మాకెవరికీ తట్టలేదంటే, నవ్వడం అలవాటైపోయి.

ముత్తాత సంగతి చూస్తే, రైల్వే కాగితాల్లో పుట్టినరోజు 1908 జూలై 1. ఆ తరంలో సగంమంది జూలై ఒకటినే పుట్టారు, బళ్లో పంతుళ్ల పుణ్యమా అని. తేదీ అబద్ధమైనా సంవత్సరం నిజమే. ఎందుకంటే ఆయన మూసీ వరదప్పటికి చంటిపిల్లాడని ఇంట్లో అందరికీ తెలుసు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద అది. నవరాత్రులు, రంజాను నెల అప్పుడే మొదలయ్యాయి. అఫ్జల్‌గంజ్ వైపు పేటలన్నీ కొట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. మా ముత్తాత తల్లి ఆ చెట్టు ఎక్కలేదు కానీ, బిడ్డని తడవకుండా గంపలో పెట్టి నెత్తిన మోస్తూ మిట్టకి నడిచిందట. ఆ లెక్కన పెళ్లినాటికి ఆయనకి ఇరవయ్యొకటి దాటింది. జైలు శిక్ష ఆయనకీ తప్పేది కాదు.

ఒక్క ప్రశ్న మిగిలింది. అంత భయం ఉన్నవాళ్లు చట్టం రాకముందే, మాఘంలోనో ఫాల్గుణంలోనో అందరిలా చేసేసుకోవచ్చుగా? సంబంధం అప్పటికే కుదిరింది. తాంబూలాల ఖర్చు లెక్కల పుస్తకంలో పుష్యం ముందే ఉంది. దీనికి జవాబు ట్రంకుపెట్టెలో లేదు, మా పురోహితుడి గారి దగ్గర ఉంది. మా ఇంటి తిథులన్నీ వాళ్ల తాతగారి కాలం నుంచి ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. ముత్తాత తల్లి పోయింది శుక్ల నామ సంవత్సరం చైత్ర బహుళ సప్తమి, అంటే 1929లో. తల్లి పోయిన కొడుకు ఏడాది తిరిగేదాకా పీటల మీద కూర్చోకూడదు. సంవత్సరీకం 1930 ఏప్రిల్ మూడో వారంలో వచ్చింది. చట్టం ఏప్రిల్ ఒకటిన వచ్చేసింది. మూడు వారాల్లో తప్పిపోయింది ముహూర్తం! ఆ కాగితాలు ముందేసుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గంపలో మోసి బతికించిన తల్లికి ఏడాదంతా నియమంగా ఉన్నాడు, అది మంచిదే. అదే మనిషి పదిన్నరేళ్ల పిల్ల ఇంకో నాలుగేళ్లు ఆగితే బావుండునని అనుకోలేదు. ఆ రోజుల్లో అందరూ అంతే కదా అని ఎవరైనా అనొచ్చు. అందరూ కాదు. ఆగమని చట్టం చేసినవాళ్లూ ఆ రోజుల వాళ్లే.

పాసుల సంగతి కూడా తేలింది. ఏప్రిల్ 1, 1930న శారదా చట్టంతో పాటే ఇంకోటి కూడా జరిగింది. కంపెనీ చేతిలో ఉన్న రైల్వేని అదే రోజు నిజాం ప్రభుత్వం తీసుకుంది. ముత్తాత సర్వీసు కాగితాల్లో ఆ తేదీ దగ్గర ఒక ముద్ర, కొత్త యజమాని పేరు. మే నెలలో పదిహేను రోజుల సెలవు. పాసు ఎవరికీ లేదు. భార్య పేరు మీద మొదటి పాసు 1934లో ఉంది, బెజవాడ నుంచి సికింద్రాబాద్‌కి. అంటే పెళ్లయ్యాక తాతమ్మని పుట్టింటికి పంపేశారు, నాలుగేళ్ల తర్వాత కాపురానికి వచ్చింది. నాన్న కథలోని పాసు ఇదే అయ్యుంటుంది. ఏ ఇంట్లోనైనా కథలు ఇలాగే జరుగుతాయి, 1934 పాసు జారి 1930 పెళ్లిలో పడుతుంది.

ఇవన్నీ కలిపి ఒక వంశవృక్షం గీసి, పేర్ల కింద సంవత్సరాలు వేసి నాన్నకి చూపించాను. చాలాసేపు చూశారు. ముత్తాత తల్లి పేరు చూసి సంతోషపడ్డారు, అది ఆయనకీ తెలియదు. తాతమ్మ దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది.

"1919 ఎందుకేశావు?"

"జాతకంలో అదే ఉంది నాన్నా."

"జాతకాలు ఎవరు చూడొచ్చారు? 1915 వెయ్యి. దీన్ని కజిన్స్ గ్రూపులో పెడతానంటున్నావు. నలుగురూ చూస్తారు, మా తాత గురించి ఏమనుకుంటారు?"

పక్కన కూర్చున్న అత్త చిక్కుడుకాయలు వలుస్తూ తలెత్తకుండా అంది. "మా నాయనమ్మ గురించి ఏమనుకుంటరో అది కూడా చూడన్నా."

నాన్న లేచి టీవీ పెట్టుకున్నారు. కాసేపటికి, సంవత్సరం వేయకుండా వదిలెయ్యొచ్చుగా అని అక్కడి నుంచే అడిగారు. నేను 1919 అలాగే ఉంచి గ్రూపులో పెట్టేశాను. ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో ఎక్కువ మంది అడిగింది ఆ పదహారు రూపాయలిచ్చిన ఆయన ఎవరని.